ఆయిల్ కారడం మామూలు కాదు

కొత్త బండి కొని ఏడాది తిరగకముందే ఇంజను కింద నల్లటి మరక పడితే నంద్యాలలో వినపడే మాటలు మూడు. "ఇంజనన్నాక ఆయిల్ చెమ్మ మామూలేప్పా" అన్నది మొదటిది. "షోరూంకి పోతే ఏదో ఒక సాకు చెప్పి తిప్పుకుంటారు, వారంటీ పేరుకే" అన్నది రెండోది. "మన మెకానిక్ దగ్గర ప్యాకింగ్ మార్పించుకో, రెండు వేలతో పోతుంది" అన్నది మూడోది. ఈ సలహా ఇచ్చేవాళ్లు మన మేలు కోరేవాళ్లే. ఆళ్లగడ్డలో, శిరివెళ్లలో, చాగలమర్రిలో, కోవెలకుంట్లలో టీ కొట్టు దగ్గర ఎవరిని కదిలించినా ఇదే చెబుతారు. పదిమంది అనుభవం వెనక ఉంది కాబట్టి ఆ మాటకు బరువు వచ్చింది. అయినా అది తప్పు. వారంటీ ఉన్న బండికి ఆయిల్ కారితే, దాన్ని బాగుచేయడం కంపెనీ మనకు తీర్చాల్సిన బాకీ. ఆ బాకీని మన జేబులోంచి మనమే తీర్చుకుంటూ, అదే తెలివి అనుకుంటున్నాం.

"మామూలే" అన్న మాట పూర్తిగా గాలిమాట కాదు. ఒకప్పుడు అది నిజం. మన తండ్రుల కాలంలో రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్లు, జీపులు, పోత ఇనుప ఇంజను బుల్లెట్లు ఆయిల్ కార్చేవి. అంబాసిడర్ బండి 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా. దానిలో వాడిన బ్రిటిష్ ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఇప్పటిలాంటి రబ్బరు సీలు ఉండేది కాదు. షాఫ్టు మీద మరలాగా చెక్కిన గాడి ఒకటి ఉండేది. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆ గాడి నూనెను తిరిగి లోపలికి నెట్టేది. ఇంజను ఆగితే నెట్టేది ఏమీ లేదు కాబట్టి చుక్కలు పడేవి. ప్యాకింగులు బెండుతోనో, మందపాటి కాగితంతోనో చేసేవారు. వేడికి అవి ఎండి, కుంచించుకుపోయేవి. అప్పటి డ్రైవర్లు బండి ఆపిన చోట అట్టముక్క పరిచేవారు, సీటు కింద ఆయిల్ డబ్బా పెట్టుకునేవారు. ఆ రోజుల్లో "ఇంజనన్నాక కారుతుంది" అన్న మెకానిక్ అబద్ధం చెప్పలేదు.

తర్వాత ఇంజను తయారీ మారింది. 1969లో హోండా సీబీ750 మోటారు సైకిలు వచ్చినప్పుడు, దాని ఇంజను కేసును నిలువుగా కాకుండా అడ్డంగా చీల్చి జోడించారు. నూనె నిలిచే మట్టానికి పైన అతుకు ఉంటే కారే అవకాశం తగ్గిపోతుంది. మన దేశంలోకి 1983 చివర మారుతి 800, 1985లో హీరో హోండా సీడీ100 వచ్చాయి. వాటితో పాటు కొత్త కొలతల కచ్చితత్వమూ, అచ్చు పోసిన రబ్బరు ప్యాకింగులూ, స్ప్రింగు ఉన్న ఆయిల్ సీళ్లూ వచ్చాయి. బుల్లెట్ కూడా 2010 ప్రాంతంలో పాత పోత ఇనుప ఇంజనును వదిలి కొత్త ఇంజనుకు మారింది. ఈ నలభై ఏళ్లలో మారనిది మన మాట ఒక్కటే. ఇవాళ ఎనిమిది, పది లక్షలు పోసి కొన్న బండి ఏడాదికే ఆయిల్ కారుస్తుంటే, అంబాసిడర్ కాలం నాటి ఓర్పుతో దాన్ని చూడటానికి ఏ కారణమూ లేదు.

షోరూం కౌంటర్ దగ్గర ఈ పాత ఓర్పుకు ఒక కొత్త పేరు పెట్టారు. "ఇది లీకేజి కాదు సార్, చెమ్మ." రెండు భాగాలు కలిసే చోట సన్నని తడి ఊరి, దానికి దుమ్ము అంటుకుని నల్లబడితే అది చెమ్మ. చుక్కగా మారి కిందికి జారితే అది కారడం. ఈ తేడా నిజమైనదే. కంపెనీలు తమ వర్క్‌షాపులకు ఇచ్చే సూచనల్లోనూ ఆ తేడా ఉంటుంది. కానీ దాన్ని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ఆ చోటంతా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, బండిని రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపించి, మళ్లీ లిఫ్టు ఎక్కించి చూడాలి. ఎక్కడి నుంచి వస్తున్నదో అంతుపట్టకపోతే ఆయిల్లో రంగుమందు కలిపి అతినీలలోహిత దీపంతో వెతకాలి. ఇవేవీ చేయకుండా, బానెట్ ఎత్తి ఒకసారి తొంగిచూసి "చెమ్మ" అనడం పరీక్ష కాదు. బండి యజమాని అడగాల్సింది ఒక్కటే: కడిగి చూపించండి, చూసింది రాసివ్వండి. చెమ్మ అని కాగితం మీద సంతకం పెట్టమంటే, నోటితో అన్నంత తేలిగ్గా పెట్టరు.

కారే చోటును బట్టి ప్రమాదం మారుతుంది. పైన టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర కారితే నూనె పక్కనే ఉన్న ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద పడవచ్చు. ఇంజను ఆయిల్ ఆవిరికి మంట అంటుకోవడానికి రెండు వందల డిగ్రీల పైన వేడి, నిప్పు రవ్వ ఉంటే చాలు. బరువుతో ఎత్తెక్కుతున్న బండిలో మ్యానిఫోల్డు అంతకు ఎంతో మించి కాలుతుంది. నంద్యాల ఎండాకాలం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. గాజులపల్లె దాటి నల్లమల ఘాట్ ఎక్కి గిద్దలూరు వైపు పోయే బండిలో మొదట కాలిన వాసన, తర్వాత పొగ వస్తే అది మామూలు అని సర్దిచెప్పుకునే సంగతి కాదు. వెనక క్రాంక్ సీలు దగ్గర కారితే నూనె క్లచ్ ప్లేటు మీదికి పోతుంది. క్లచ్ జారుతుంది. అప్పుడు షోరూం వాళ్లు క్లచ్ ప్లేటు అరిగే వస్తువు, వారంటీలో రాదు అంటారు. క్లచ్ పోయింది సీలు వల్ల అన్న సంగతి ఆ బిల్లులో ఎక్కడా ఉండదు.

అసలు నష్టం జరిగేది మాత్రం చప్పుడు లేకుండా. చాలా కార్లలో డిప్‌స్టిక్ మీది రెండు గీతల మధ్య తేడా లీటరు దగ్గరలో ఉంటుంది. చిన్నగా కారే ఇంజను కొన్ని నెలల్లో ఆ లీటరు పోగొడుతుంది. ఆయిల్ మార్చేది పది వేల కిలోమీటర్లకు ఒకసారి. మధ్యలో డిప్‌స్టిక్ తీసి చూసేవాళ్లు తక్కువ. డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం ఉంది కదా అంటారు. చాలా బండ్లలో ఆ దీపం ఆయిల్ తగ్గిందని చెప్పేది కాదు, ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెప్పేది. అది వెలిగేసరికే బేరింగులకు నూనె సరిగా అందడం లేదు. ఇంజను పట్టేస్తే వర్క్‌షాపు రాసే మొదటి వాక్యం "ఆయిల్ లేకుండా నడిపారు" అని. అంటే వాళ్ల సీలు లోపం మన నిర్లక్ష్యంగా మారిపోతుంది. వేలల్లో పోవాల్సింది లక్షల్లోకి వెళ్తుంది, ఆ లక్షలు మన నెత్తిన పడతాయి. అంతకు ముందు ఆరు నెలలుగా ఆయిల్ కారుతోందని మనకు తెలుసు, మెకానిక్కుకు తెలుసు, ఇంటిముందు బండలకు అంటిన మరకకు తెలుసు. కంపెనీ కాగితాల్లో మాత్రం అది ఎక్కడా లేదు. "ఊరికే ఉండప్పా, కొంచెం ఆయిల్ పోసుకుంటూ నడుపు" అన్న సలహాకు మనం కట్టే ధర ఇది.

సీళ్లూ ప్యాకింగులూ అరిగే సామాను, వారంటీ కిందికి రావు అన్న మాట కూడా గట్టిగా నాటుకుంది. వారంటీ పుస్తకం తెరిచి చూస్తే బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు, బల్బులు, ఫిల్టర్లు లాంటివి మినహాయింపుల జాబితాలో ఉంటాయి. కొన్ని కంపెనీల పుస్తకాల్లో రబ్బరు భాగాలు అన్న మాట కూడా ఉంటుంది. అయితే మినహాయించింది మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో రబ్బరు గట్టిపడి పగిలితే దాన్ని అరుగుదల అనవచ్చు. పన్నెండు వేల కిలోమీటర్లకే సీలు కారితే అది అరగలేదు. అమర్చేటప్పుడు వంకర పడి ఉండాలి, లేదా రబ్బరు నాసిరకం అయి ఉండాలి, లేదా బోల్టులు సమంగా బిగించి ఉండకూడదు, లేదా బ్రీదర్ పైపు మూసుకుపోయి లోపలి ఒత్తిడి నూనెను బయటికి తోస్తూ ఉండాలి. వీటిలో ఏదైనా లోపమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపం అన్న మాటకు ఇచ్చిన అర్థం చాలా విశాలమైనది. చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, అమ్మినవాడు చెప్పుకున్న దాని ప్రకారం గానీ వస్తువుకు ఉండాల్సిన నాణ్యతలో ఏ కొరత ఉన్నా అది లోపమే. ఆ నిర్వచనంలో రబ్బరుకు మినహాయింపు లేదు.

ఇక అందరినీ భయపెట్టే మాట దగ్గరికి వస్తాను. "బయట మెకానిక్ చెయ్యి పెట్టాడు, ఇంక నీ వారంటీ పోయింది." ఆళ్లగడ్డ మనిషికి ఇది మామూలు బెదిరింపు కాదు. అధీకృత వర్క్‌షాపుకు పోవాలంటే నంద్యాలకు రానూపోనూ ఎనభై కిలోమీటర్లు, ఒక రోజు పని పోవడం. దారిలో లైటు ఆరిపోయినా, బ్యాటరీ తీగ ఊడినా ఊళ్లోని షెడ్డులోనే చూపించుకుంటాడు. ఆ చిన్న పనిని పట్టుకుని ఇంజను వారంటీ మొత్తం రద్దు అంటే, నలభై కిలోమీటర్ల దూరంలో ఉండటమే అతని నేరమా?

ఈ ప్రశ్న మన దేశంలో ఒకసారి పెద్ద ఎత్తున విచారణకు వచ్చింది. షంషేర్ కటారియా అనే వినియోగదారుడు 2011లో భారత పోటీ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. మొదట మూడు కంపెనీల మీద మొదలైన ఆ ఫిర్యాదు విచారణలో విస్తరించింది. 2014 ఆగస్టు 25న కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీల మీద తీర్పు చెప్పి, అన్నిటికీ కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను బయటి మెకానిక్కులకు అందకుండా చేయడం, మరమ్మతు సమాచారాన్ని దాచుకోవడం, బయట చేయిస్తే వారంటీ రద్దు అని బెదిరించడం పోటీ చట్టానికి విరుద్ధమని తేల్చింది. జరిమానా అంకె పత్రికల్లో వచ్చింది, జనం మరిచిపోయారు. ఆ తీర్పులో మన బతుకుకు సంబంధించిన వాక్యం అంకె కాదు. బయటి మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదని కమిషన్ ఆదేశించింది. బయట జరిగిన చెడ్డ పని వల్ల ఏ నష్టం కలిగిందో, ఆ నష్టం మేరకే వారంటీని నిరాకరించవచ్చని చెప్పింది.

కంపెనీలు ఆ తీర్పును ఒప్పుకుని ఊరుకోలేదు. అప్పీళ్లకు, హైకోర్టులకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ తన ముందుకు వచ్చిన మూడు కంపెనీల విషయంలో తప్పు జరిగిందన్న నిర్ణయాన్ని నిలబెట్టి, జరిమానాను మాత్రం తగ్గించింది. వ్యాజ్యం అక్కడితో అయిపోలేదు. కాబట్టి ఆ తీర్పు కాగితాన్ని కౌంటర్ మీద పెట్టగానే పని అయిపోతుందని నేను అనను. కానీ అందులో ఉన్న సూత్రం ఏ వ్యాజ్యంతోనూ మాసిపోదు. కారణానికీ నష్టానికీ లింకు చూపించాలి. బయట హెడ్‌లైట్ మార్పిస్తే క్రాంక్ సీలు ఎందుకు పోతుందో చెప్పాలి. అమెరికాలో ఈ సూత్రం 1975 నుంచి మ్యాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం రూపంలో ఉంది; ఫలానా కంపెనీ విడిభాగమో సర్వీసో వాడితేనే వారంటీ అనే షరతును ఆ చట్టం మామూలుగా ఒప్పుకోదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసుకుంటున్న మన జిల్లా పిల్లలు అక్కడ వాల్‌మార్టులో ఆయిల్ మార్పించుకుని, ఆ రసీదు దాచుకుని, డీలరు దగ్గర వారంటీ పని నిబ్బరంగా చేయించుకుంటారు. ఇక్కడున్న వాళ్ల నాన్న మాత్రం పంక్చరు వేయించినందుకు కూడా భయపడుతున్నాడు.

కంపెనీ వైపు న్యాయం ఉండే సందర్భాలూ ఉన్నాయి. బయట ఆయిల్ మార్చిన కుర్రాడు డ్రెయిన్ ప్లగ్ మరలు చెరిపేసి, అక్కడి నుంచి కారితే అది కంపెనీ తప్పు కాదు. కొలత కుదరని ఫిల్టరు బిగించి అది కారినా అంతే. రెండేళ్లుగా ఆయిలే మార్చకపోతే లోపల జిగట పేరుకుని బ్రీదర్ మూసుకుపోవచ్చు. అలాంటప్పుడు నిరాకరించే హక్కు వాళ్లకుంది. ఆ హక్కు ఉన్నది కారణం చూపినప్పుడే.

ఈ కారణం చూపించే బాధ్యతను డీలరు ఎందుకు తప్పించుకుంటాడు? అతని లెక్క తెలిస్తే అర్థమవుతుంది. వారంటీ పని చేస్తే డీలరుకు డబ్బు ఇచ్చేది కంపెనీ. కూలి రేటు కంపెనీ నిర్ణయించిందే ఇస్తుంది, మామూలు గిరాకీ ఇచ్చేదాని కంటే అది తక్కువగా ఉండటం పరిపాటి. ఫొటోలు పంపాలి, పాత భాగం దాచి చూపించాలి, క్లెయిము తిరస్కరించారంటే నష్టం డీలరు మీద పడుతుంది. వెనక క్రాంక్ సీలు ధర వందల్లో ఉంటుంది, కానీ దాన్ని మార్చడానికి గేరుబాక్సు దించాలి. ఒక మెకానిక్, ఒక లిఫ్టు చాలాసేపు దానికే కేటాయించాలి. అదే సమయంలో డబ్బులిచ్చే సర్వీసు బండ్లు మూడు చేసుకోవచ్చు. కాబట్టి "చెమ్మ సార్, నడపండి, తర్వాతి సర్వీసుకు చూద్దాం" అంటాడు. తర్వాతి సర్వీసు నాటికి వారంటీ గడువు దాటిపోతే డీలరుకూ కంపెనీకీ గొడవ లేదు, మనకు తప్ప. ఇందులో ఆ సర్వీస్ అడ్వైజర్ కుర్రాడి దుర్మార్గం ఏమీ లేదు, అతనిది నెల జీతం. అతని "లేదు" కంపెనీ చెప్పిన "లేదు" కాదు అన్నది మాత్రం మనం మరవకూడదు. కంపెనీకి నేరుగా ఈమెయిలు రాయవచ్చు, రాసిన జవాబు అడగవచ్చు. నంద్యాలలో కాదంటే అదే కంపెనీ వర్క్‌షాపు కర్నూలులోనో కడపలోనో ఉంటుంది. వారంటీ ఇచ్చింది కంపెనీ కాబట్టి అమ్మిన డీలరు దగ్గరే బాగుచేయించాలన్న నియమం సాధారణంగా ఉండదు.

అన్నిటికీ మూలం వర్క్‌షాపులో రాసే జాబ్ కార్డు. చాలామంది దాన్ని చదవకుండా సంతకం పెడతారు. "జనరల్ సర్వీస్" అని రాసి ఉన్న కార్డు మీద సంతకం పెట్టి, ఆయిల్ కారుతోందని నోటితో చెప్పి వస్తారు. ఆ నోటిమాట ఆ సాయంత్రానికే గాలిలో కలిసిపోతుంది. "ఇంజను కింద ఆయిల్ కారుతోంది, పార్కింగు చేసిన చోట మరక పడుతోంది" అని మన మాటల్లోనే రాయించాలి. కిలోమీటర్లు, తేదీ ఉండాలి. మరక ఫొటో, డిప్‌స్టిక్ ఫొటో తీసి అదే రోజు కంపెనీకి పంపాలి. గడువు లోపల రాయించిన లోపాన్ని గడువు దాటాక బాగుచేయనంటే చెల్లకూడదు. వాళ్లు సాగదీసిన కాలాన్ని మన ఖాతాలో వేయడం ఏ న్యాయమూ కాదు.

ట్రాక్టర్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల్లో ఈ అన్యాయం మరీ లోతుగా ఉంది. కేసీ కాలువ కింద వరి మడుల్లో ట్రాక్టరు దమ్ము చేస్తుంది. మోకాలి లోతు బురదలో ఇనుప చక్రాలతో తిరుగుతుంది. ఇరుసు సీళ్ల దగ్గర బురద చేరి, నూనె కారడం మొదలవుతుంది. డీలరు చెప్పే జవాబు "దమ్ములో వాడావు రెడ్డీ, వారంటీ రాదు" అని. వరి పండే ప్రాంతంలో, వరి రైతుకు, దమ్ముకు బాగా పనికొస్తుందని పొగిడి అమ్మిన యంత్రం బురదకు ఆగకపోతే ఆ తప్పు రైతుది ఎలా అవుతుంది? 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 16వ సెక్షన్ ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. కొనేవాడు తన అవసరం ఏమిటో అమ్మేవాడికి తెలియజేసి, అతని నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్నది ఒప్పందంలో భాగమే. ఆళ్లగడ్డలో ట్రాక్టరు కొనేవాడి అవసరం ఏమిటో ఆ డీలరుకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. శిల్పాలు మోసే బండ్లకూ ఇదే తర్కం. ఆళ్లగడ్డ రాతి విగ్రహాలు తీసుకెళ్లే చిన్న లారీకి టాపెట్ కవర్ దగ్గర కారితే "ఓవర్‌లోడ్" అంటారు. బరువు ఎక్కువైతే స్ప్రింగులు, టైర్లు, క్లచ్ దెబ్బతినవచ్చు. ఇంజను పైనున్న కవర్ ప్యాకింగ్‌కూ డెక్కు మీది రాతికీ ఏం సంబంధమో చెప్పమనండి.

"అది కిరాయి బండి, నీకు వినియోగదారుల చట్టం వర్తించదు" అని ఆటో డ్రైవర్లను, మినీ లారీల వాళ్లను పంపించేస్తారు. ఇది కూడా తప్పే. తన బతుకు తెరువు కోసం స్వయం ఉపాధిగా వాడుకునేవాడు వినియోగదారుడేనని చట్టం వివరణ ఇచ్చింది. 1995లోనే లక్ష్మి ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని వివరిస్తూ, ఆటో కొని తానే నడుపుకుని బతికేవాడినీ, లారీ కొని తానే నడుపుకునేవాడినీ ఉదాహరణగా చెప్పింది. పది లారీలు పెట్టి వ్యాపారం చేసే సేఠు వేరు. ఒక్క ఆటోతో నూనెపల్లె నుంచి శ్రీనివాస సెంటర్ దాకా తిప్పుకునేవాడు వేరు.

కోర్టు అనగానే మనవాళ్లు చేతులెత్తేస్తారు. "రెండు వేల పనికి కోర్టా? లాయరుకే పదివేలు." అయిదు లక్షల లోపు విలువైన కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. అయిదు నుంచి పది లక్షల దాకా రెండు వందల రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు. 2019 చట్టం వచ్చాక డీలరు ఉన్న ఊరికి పోనక్కర్లేదు, మనం నివసించే చోటి కమిషన్‌లో వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. కేసు వేయడానికి ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే అక్కడి నుంచే కంపెనీకి పోతుంది. కమిషన్‌లో కేసు వేశాక ఎదుటి పక్షం జవాబుకు ముప్పై రోజులు, మహా అయితే మరో పదిహేను. అంతకు మించి పొడిగించే వీలు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

చట్టంలో రాసిన మూడు నెలలు, అయిదు నెలల గడువులో అన్ని కేసులూ తేలవన్నది నిజమే. ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా తెలియాలి. 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్గోత్రా కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చి ఇవ్వడానికి పరిమితం కాబట్టి బండినే మార్చి ఇవ్వమనడం కుదరదని చెప్పింది. ఈ తీర్పును చూపించి కేసు దండగ అంటారు. నాకు అందులో వేరేది కనిపిస్తుంది. ఆయిల్ కారే బండి యజమాని కొత్త బండి అడగడం లేదు. కారే సీలు మార్చి, దానికయ్యే కూలితో సహా కంపెనీయే భరించాలని అడుగుతున్నాడు. భాగం మార్చే బాధ్యత కంపెనీదేనని ఆ తీర్పే చెబుతోంది. లోపం ఉందా లేదా అన్నది తేలనప్పుడు ఏం చేయాలో 2010 నాటి సి.ఎన్. అనంతరాం, ఫియట్ ఇండియా కేసు చూపిస్తుంది. కారు ఇంజను చప్పుడు మీద వచ్చిన ఆ వివాదంలో స్వతంత్ర నిపుణుడితో పరీక్ష చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. లోపాన్ని రుజువు చేయాల్సిన భారం మన మీదే ఉంటుంది కాబట్టే జాబ్ కార్డు గురించి అంత నొక్కి చెప్పాను.

మన ఊరి మెకానిక్కుల మీద నాకు గౌరవం ఉంది. నంద్యాల షెడ్లలో చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లు ఉన్నారు. షోరూం కుర్రాళ్లలో చాలామందికి అంత అనుభవం ఉండదు. అయినా ఇక్కడి ప్రశ్న ఎవరికి పని బాగా వచ్చు అన్నది కాదు, ఎవరి డబ్బుతో జరగాలి అన్నది. పైగా వారంటీ ఉన్న ఇంజనును షెడ్డులో తెరిస్తే ఆ మెకానిక్కే ఇరుకున పడతాడు. కవర్ తీసి, ప్యాకింగ్ పేస్టు దట్టంగా పూసి బిగిస్తే కారడం ఆగుతుంది. ఎక్కువైన పేస్టు లోపలికి పొంగి, ముక్కలై చాంబరులో పడి, ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడవచ్చు. అప్పుడు ఇంజను పోతే కంపెనీకి చెప్పుకోవడానికి నిజమైన కారణం దొరుకుతుంది, నింద షెడ్డు మీద పడుతుంది. మంచి మెకానిక్ ఆ సమయంలో చేయాల్సిన సాయం వేరే ఉంది. ఎక్కడి నుంచి కారుతోందో చూసి, చెయ్యి పెట్టకుండా, "ఇది వెనక సీలు, షోరూంలో రాయించు" అని చెప్పి పంపడం. అలా చెప్పేవాళ్లు ఆళ్లగడ్డలో ఉన్నారు. వాళ్ల మాటకు వర్క్‌షాపు కౌంటర్ దగ్గర మన నోరు లేస్తుంది.

బయట చేయించుకుని ఊరుకునేవాడు తన రెండు వేలే పోగొట్టుకున్నానని అనుకుంటాడు. ఫలానా నమూనా బండిలో ఫలానా సీలు పదేపదే పోతోందని కంపెనీకి తెలిసేది వారంటీ క్లెయిముల వల్లనే. క్లెయిము రాకపోతే ఆ లోపం కంపెనీ లెక్కలో లేనట్టే. అదే సీలు, అదే బిగింపు వచ్చే ఏడాది బండ్లలోకీ పోతాయి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఎ సెక్షన్ ప్రకారం, లోపం వల్ల పర్యావరణానికో, బండిలో ఉన్నవాళ్లకో, రోడ్డు మీది జనానికో హాని కలిగేటట్టుంటే, ఆ రకం బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించమని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. అందుకు చట్టం చెప్పిన దారుల్లో ఒకటి, ఆ బండి యజమానుల్లో నిర్ణీత శాతం మంది ఫిర్యాదు చేయడం. ఆళ్లగడ్డలో ఒకరు, బనగానపల్లెలో ఒకరు, ఆత్మకూరులో ఒకరు ఎవరికి వారు షెడ్డులో ప్యాకింగ్ మార్పించుకుంటే ఆ శాతం లెక్కలో ఈ ముగ్గురూ సున్నా కిందే ఉంటారు.